ఏడాది పొడవునా సాగే ఆరోగ్య అధ్యయనం: ఫోన్లు, ఫారాలు, ఫాలోఅప్ సరిగ్గా నడపడం ఎలా?

విశాఖలో పీజీ థీసిస్ చేస్తున్న డాక్టర్లు, నర్సింగ్ కాలేజీల అధ్యాపకులు, వార్డుల్లో తిరిగే స్వచ్ఛంద సంస్థలవాళ్ళు తరచూ ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "మనుషుల రోజువారీ ఆరోగ్యాన్ని ఏడాదిపాటు ఫోన్లో నమోదు చేయించాలి. ఏ యాప్ మంచిది?"

యాప్ సంగతి నాలుగో మెట్టులో వస్తుంది. అంతకుముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. వాటిని దాటేసి యాప్‌తోనే మొదలుపెడితే మొదటి నెల డేటా నిండుగా ఉంటుంది, ఆరో నెలకి గళ్ళన్నీ ఖాళీ అవుతాయి. అందుకే ప్రతి మెట్టు దగ్గరా ఒక్కటే ఆలోచించండి: డ్యూటీ చేసి అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి, ఆరో నెలలో కూడా ఈ పని చేస్తాడా?

వివరణ కోసం ఒక ఊహా అధ్యయనం తీసుకుందాం: గాజువాక చుట్టుపక్కల ఉండే షిఫ్టు కార్మికుల నిద్ర, బీపీ ఏడాదిపాటు ఎలా మారుతున్నాయి? అక్కడక్కడా ఫిషింగ్ హార్బర్ మత్స్యకారుల సంగతి కూడా వస్తుంది, ఎందుకంటే వాళ్ళ చిక్కులు వేరు.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"షిఫ్టు కార్మికుల ఆరోగ్యం" అనేది ప్రశ్న కాదు, అంశం. "సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) చేసిన వారంలో బీపీ, జనరల్ షిఫ్టు వారంలో కన్నా పెరుగుతోందా?" అనేది ప్రశ్న. ఇలా రాసుకుంటే ఏం కొలవాలి, ఎన్నిసార్లు కొలవాలి అనేవి వాటంతటవే తేలతాయి.

తర్వాత అడగాలనుకున్న ప్రతి అంశం పక్కనా "దీన్ని చివర్లో ఏ పట్టికలో వాడతాను?" అని రాయండి. జవాబు లేని ప్రశ్నను తీసేయండి. గైడ్ గారు అడిగారనో, ఎప్పుడైనా పనికొస్తుందనో ఉంచకండి. రోజూ నింపే ఫారం ఒక నిమిషం, వారానికోసారి నింపేది ఐదు నిమిషాలు దాటకూడదు. మిగతాదంతా మూడు నెలలకోసారి మనిషిని కలిసినప్పుడు అడగండి.

ఎంతమందిని తీసుకోవాలో కూడా ఇప్పుడే లెక్కేయండి. చివరికి 200 మంది మిగలాలి, 20 శాతం మంది మధ్యలో ఆగిపోవచ్చు అనుకుంటే 240 మంది సరిపోరు. 240లో 20 శాతం పోతే మిగిలేది 192. 200ని 0.8తో భాగించండి. 250 మంది కావాలి.

2. అనుమతుల పని ముందు పెట్టుకోండి

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్కరి నంబరు కూడా తీసుకోవద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు చదివి దరఖాస్తు రాయండి. వ్యక్తిగత డేటా విషయంలో 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టాన్ని కూడా దృష్టిలో పెట్టుకోండి. మందు, వ్యాయామం, సలహా లాంటిదేదైనా ఇచ్చి ఫలితం చూస్తున్నట్లయితే, మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చేయాలి.

కమిటీకి పంపే ఫైల్లో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- తెలుగులో సమ్మతి పత్రం, సమాచార పత్రం
- ఫారాల్లోని ప్రతి తెర స్క్రీన్‌షాట్
- పంపబోయే ప్రతి మెసేజ్ మాటలు
- డేటా ఏ సర్వర్లో ఉంటుంది, ఎవరు చూడగలరు, ఎన్నాళ్ళు ఉంచుతారు
- మధ్యలో మానేస్తానంటే అప్పటిదాకా ఇచ్చిన డేటాను ఏం చేస్తారు
- చదవడం రానివాళ్ళకు సాక్షి సమక్షంలో సమ్మతి తీసుకునే పద్ధతి

సమ్మతి పత్రంలో "మీ సమాచారం గోప్యంగా ఉంచబడును" అని ఒక్క ముక్కతో వదిలేయకండి. "మీరెన్ని గంటలు నిద్రపోయారో మీ సూపర్‌వైజర్‌కి గానీ, కంపెనీకి గానీ చెప్పం" అని రాయండి. కార్మికుడి అసలు భయం అక్కడుంది. ఆ మాట నిలబెట్టుకునేలా డేటా ఏర్పాటు కూడా ఉండాలి.

3. ప్రమాద సూచన కనిపిస్తే ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారు?

నా దృష్టిలో ఈ మెట్టు లేని అధ్యయనం మొదలుపెట్టడమే తప్పు. ఆదివారం రాత్రి 11 గంటలకి ఒకాయన ఫోన్లో 190/124 అని కొట్టాడు. మీ సర్వర్ దాన్ని భద్రంగా దాచింది. మీరు మంగళవారం చూశారు. మధ్యలో ఆయనకేమైనా అయితే?

ముందే రాసి పెట్టుకోండి:

- బీపీ 180/120 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే కాసేపు కూర్చుని మళ్ళీ చూసుకోమని ఫారమే చెప్పాలి.
- ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం, చేయి కాలు పడిపోవడం ఉంటే రెండో రీడింగ్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయమని అదే తెర మీద కనిపించాలి.
- లక్షణాలు లేకపోయినా రెండోసారీ అంతే వస్తే అధ్యయనం డాక్టరుకి వెంటనే అలర్ట్ వెళ్ళాలి. ఆ డాక్టరు ఊళ్ళో లేని రోజు ఎవరు చూస్తారో పేరు రాసి ఉండాలి.
- మనసు బాగోలేదని, బతకాలని లేదని జవాబిచ్చే అవకాశం ఉన్న ప్రశ్నలుంటే అదే రోజు మాట్లాడే మనిషి ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 తెర మీద కనిపించాలి.

ఇరవై నాలుగు గంటలూ చూడటం మీ వల్ల కాకపోతే ఆ మాట సమ్మతి పత్రంలోనే స్పష్టంగా రాయండి. "ఈ ఫారం అత్యవసర వైద్యం కోసం కాదు" అన్న వాక్యం రోజూ తెర మీద ఉండాలి.

4. ఇప్పుడు టూల్ ఎంచుకోండి

వివరాలు ఎవరు నింపుతారన్న దాన్ని బట్టి ఎంపిక మారుతుంది.

మీ సిబ్బంది ఇంటికి వెళ్ళి నింపేటట్లయితే ఫోన్లో ఫారాలు నింపడానికి చేసిన ఓడీకే, లేదా దాని పునాది మీదే తయారైన కోబో టూల్‌బాక్స్ చాలు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే నెట్ లేకుండా కూడా ఫారం నింపి, సిగ్నల్ వచ్చాక పంపొచ్చు. ఓడీకేలో ఎంటిటీస్ అనే సదుపాయం ఉంది. దానితో ఒకసారి నమోదు చేసిన మనిషి పేరు తర్వాతి ఫాలోఅప్ ఫారాల్లో జాబితాగా కనిపిస్తుంది. ఏడాది అధ్యయనానికి ఇది చాలా అవసరం, లేకపోతే ప్రతిసారీ ఐడీ చేత్తో కొట్టి తప్పులు తెచ్చుకుంటారు.

పాల్గొనేవాళ్ళే రోజూ నింపుకోవాలంటే పరిశోధన డేటా కోసం చేసిన రెడ్‌క్యాప్, దానితోపాటు వచ్చే మైక్యాప్ యాప్ బాగుంటాయి. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన రెడ్‌క్యాప్ లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితం. అయితే ఒప్పందం మీ కాలేజీ పేరు మీద జరగాలి, సర్వర్ కూడా సంస్థదే ఉండాలి. మీ కాలేజీలో ఇప్పటికే ఉందేమో ముందు కనుక్కోండి. ఎవరు ఎప్పుడు ఏ గడి మార్చారో అది రాసి ఉంచుతుంది. ఏడాది తర్వాత అనుమానం వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఫోన్ సెన్సర్ల నుంచి నడక, కదలిక వాటంతటవే రావాలంటే బీవీ, రాడార్-బేస్ లాంటి ఓపెన్‌సోర్స్ వేదికలున్నాయి. సర్వర్ చూసుకునే సాంకేతిక మనిషి పక్కన లేకపోతే వీటి జోలికి వెళ్ళకండి.

గూగుల్ ఫారమ్స్ మాత్రం వద్దంటాను. వారం రోజుల సర్వేకి సరిపోతుంది. ఒకే మనిషి జవాబులను ఏడాదిపాటు ఒక వరుసలో కలపడానికి అది చేసింది కాదు.

5. ఫారం తయారీ: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ముందుగా కాలం సంగతి. మంగళవారం రాత్రి 10కి సీ షిఫ్టు ఎక్కి, బుధవారం ఉదయం 6కి దిగి, 9కి పడుకుని, మధ్యాహ్నం 2కి లేచిన మనిషిని బుధవారం సాయంత్రం "నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు?" అని అడిగితే సున్నా అంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన పడుకున్న ఐదు గంటలు మీ డేటాలో ఎక్కడా లేవు.

దీనికి మందు: గంటలు అడగకండి. "కిందటిసారి ఎప్పుడు పడుకున్నారు? ఎప్పుడు లేచారు?" అని తేదీ, టైము రెండూ అడిగి, గంటలను ఫారం చేతే లెక్క కట్టించండి. "మధ్యలో ఇంకేమైనా కునుకు తీశారా?" అని ఒక ప్రశ్న చేర్చండి. అలాగే ప్రతి నమోదుకీ ఆ రోజు ఏ షిఫ్టో ఒక్క నొక్కుతో చెప్పేలా ఉంచండి. రోటా (డ్యూటీ పట్టిక) ఉంది కదా అని దాన్ని నమ్ముకోకండి, షిఫ్టులు మార్చుకోవడం మామూలే.

తర్వాత మాటలు. "మీ నిద్ర నాణ్యత ఎలా ఉంది?" అని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు. "నిద్ర ఎలా పట్టింది?" అని అడిగి, "హాయిగా, పరవాలేదు, సరిగా పట్టలేదు, అసలు పట్టలేదు" అని ఇవ్వండి. "ఉప్పు తగ్గించి తింటున్నారా?" అంటే అందరూ ఔననే అంటారు. "నిన్న అన్నంలో పచ్చడి గానీ, ఎండు చేప గానీ వేసుకున్నారా?" అంటే నిజం చెబుతారు. పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ కొలిచే ప్రశ్నలు) లాంటి ప్రామాణిక ప్రశ్నావళులకి మాత్రం సొంత అనువాదం చేయకండి, పరీక్షించిన తెలుగు రూపాన్నే వాడండి.

ఫారంలో పెట్టాల్సిన కాపలాలు:

- కింద బీపీ పై బీపీకన్నా ఎక్కువ ఉంటే ఫారం ఒప్పుకోకూడదు.
- అసాధారణంగా ఎక్కువో తక్కువో వస్తే "మళ్ళీ చూసుకోండి" అని అడగాలి తప్ప పూర్తిగా అడ్డుకోకూడదు. నిజంగానే ఎక్కువున్న మనిషి ముందుకు వెళ్ళలేక తక్కువ అంకె కొట్టి వదిలేస్తాడు.
- "తెలియదు", "చెప్పడం ఇష్టం లేదు", "నాకు వర్తించదు" అనే మూడింటికీ మూడు వేర్వేరు జవాబులుండాలి. ఖాళీకి 99 అని పెట్టే అలవాటు మానుకోండి, చివర్లో అది సగటులో కలిసిపోతుంది.
- ఐడీ చివర ఒక తనిఖీ అంకె ఉండాలి. 0147 బదులు 0174 అని పడితే అప్పుడే పట్టుబడుతుంది.
- పేరు, ఫోన్ నంబరు, చిరునామా వేరే ఫైల్లో, వేరే పాస్‌వర్డుతో ఉండాలి. ఆధార్ నంబరు అడగొద్దు, అది మీ ప్రశ్నకి అవసరం లేదు.

అధ్యయనం మొదలయ్యాక ప్రశ్నలో మాట మార్చాల్సివస్తే పాత ప్రశ్నను దిద్దకండి. కొత్త పేరుతో కొత్త ప్రశ్న చేర్చి, ఏ తేదీ నుంచి మారిందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. లేకపోతే మాట మారిన తేదీకి ముందు, తర్వాత వచ్చిన తేడా మనుషులదో మీ మాటదో ఎవరూ చెప్పలేరు.

6. పరికరాలు

బీపీకి మోచేతి పైన పట్టీ కట్టే ఆటోమేటిక్ మిషన్ మాత్రమే తీసుకోండి. చేతి గడియారం చూపించే బీపీ మీద ఆధారపడొద్దు. మీ మోడల్‌ని సరైన పద్ధతిలో పరీక్షించారో లేదో స్ట్రైడ్ బీపీ జాబితాలో చూడొచ్చు. మోచేతి పైభాగం చుట్టుకొలత కొలిచి తగిన పట్టీ ఇవ్వండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే రీడింగ్ లేని ఎక్కువ చూపిస్తుంది.

పాల్గొనేవాళ్ళకి ఇచ్చే కార్డు మీద బొమ్మలతో ఇవి ఉండాలి: టీ, కాఫీ, చుట్ట, సిగరెట్ తర్వాత అరగంట ఆగడం, మూత్రానికి వెళ్ళి రావడం, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు కూర్చోవడం, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచడం, మాట్లాడకుండా నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోవడం. మిషన్ తెర ఫోటో కూడా ఫారంలోనే తీయించండి.

వాచీలు, బ్యాండ్లు వాడితే అందరికీ ఒకే మోడల్ ఇవ్వండి. ఒక కంపెనీ బ్యాండు లెక్కేసే అడుగులు, ఇంకో కంపెనీ లెక్కతో కలవవు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన తేదీలు రాసుకోండి. మన ఉక్కపోతలో పట్టీ కింద చెమటకాయలు వస్తాయి, మే నెలలో చాలామంది తీసి పక్కన పెడతారు. రోజూ ఒక గంట తీసి చేయి ఆరనిమ్మని మీరే చెప్పండి. ఆ గంట ఏదో అందరికీ ఒకటే నియమం పెట్టండి.

7. ఫోన్ సెట్టింగులు

రిమైండర్లు రావడం లేదన్న ఫిర్యాదు వస్తే ముందు ఫోనే చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. చేర్చుకున్న రోజునే, మనిషి ఎదురుగా:

- ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసేయండి
- ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయండి
- నోటిఫికేషన్లకి అనుమతి ఇవ్వండి
- తేదీ, టైము ఆటోమేటిక్‌గా ఉన్నాయో చూడండి
- అక్కడే ఒక పరీక్ష రిమైండర్ పంపి, అది మోగాకే లేవండి

8. పైలట్ (చిన్న ముందస్తు పరీక్ష): కష్టమైనవాళ్ళతో చేయండి

మీ హాస్టల్ స్నేహితులతో చేసే పైలట్ వల్ల ఏమీ తెలియదు. పదిమందిని తీసుకుని రెండు వారాలు నడపండి. అందులో కళ్ళద్దాలు లేకుండా చదవలేని పెద్దాయన, ఇంట్లో ముగ్గురికీ ఒకటే ఫోన్ ఉన్న ఆవిడ, కీప్యాడ్ ఫోన్ మనిషి, నెల చివర డేటా అయిపోయేవాళ్ళు ఉండాలి. కీప్యాడ్ ఫోన్ వాళ్ళని వదిలేస్తే మీ ఫలితం కాస్త డబ్బున్నవాళ్ళ గురించే అవుతుంది. వాళ్ళకి సిబ్బంది ఫోన్ చేసి అడిగి నింపే దారి పెట్టండి.

9. ఫాలోఅప్ క్యాలెండర్

"మూడు నెలలకి కలుస్తాం" అని రాస్తే సరిపోదు. "90వ రోజుకి అటూ ఇటూ 14 రోజులు" అని రాయండి. తర్వాత ఆ క్యాలెండర్ మీద మన ఊరి ఏడాదిని పరచండి. సంక్రాంతికి గాజువాక, మల్కాపురం నుంచి ఎంతోమంది శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళకి వెళ్ళిపోతారు. ఆ వారంలో విజిట్లు పెట్టొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. కాబట్టి ప్రతి బృందం దగ్గరా అచ్చు ఫారాలుండాలి. తర్వాత ఎక్కించినప్పుడు "కాగితం నుంచి" అని గుర్తు పెట్టాలి.

హార్బర్‌లో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు మనుషులు ఇంటి దగ్గరే దొరుకుతారని విజిట్లన్నీ ఆ రెండు నెలల్లోనే పెట్టేస్తే, తిండి, నిద్ర, ఆదాయం అన్నీ మారిపోయిన రోజులనే కొలిచినట్లవుతుంది. వేట రోజుల్లో మరబోటు ఎక్కినవాళ్ళు రోజుల తరబడి సిగ్నల్‌కి అందరు. వాళ్ళకి రోజువారీ ఫారం బదులు బయల్దేరే రోజు, తిరిగొచ్చిన రోజు అడగడమే నయం.

ప్రతి మనిషికీ మూడు నంబర్లు తీసుకోండి: సొంతది, ఇంట్లోవాళ్ళది, ఊరు మారని ఒక బంధువుది. కలిసిన ప్రతిసారీ "ఇదే నంబరేనా?" అని అడగాలి.

రిమైండర్ షిఫ్టును బట్టి వెళ్ళాలి. సీ షిఫ్టు దిగి పడుకున్న మనిషి ఫోన్ ఉదయం 10కి మోగితే రెండోసారి మోగేలోపు యాప్ తీసేస్తాడు. సంస్థ తరఫున పెద్ద సంఖ్యలో ఎస్ఎంఎస్‌లు పంపాలంటే పంపే పేరు, మెసేజ్ నమూనా టెలికాం కంపెనీల నమోదు వేదిక అయిన డీఎల్‌టీలో ముందే నమోదవ్వాలి. దానికి సమయం ఉంచుకోండి. వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టకండి. "బీపీ స్టడీ" అనే గ్రూపులో చేర్చిన క్షణమే ఒకరి నంబరు, ఒకరి జబ్బు మిగతా అందరికీ తెలిసిపోతుంది.

10. ప్రతి సోమవారం అరగంట తనిఖీ

నెలాఖరున చూద్దాంలే అనుకుంటే ఆ నెల పోయినట్లే. వారం వారం చూడాల్సినవి:

- గత 7 రోజుల్లో మూడు రోజులకన్నా తక్కువ నింపినవాళ్ళు: అదే రోజు ఫోన్ చేయాలి. "ఎందుకు నింపలేదు?" అని కాకుండా "ఏమైనా ఇబ్బందా?" అని అడగాలి
- నింపకపోవడానికి కారణం: ఒంట్లో బాగోలేదా, ఫోన్ పోయిందా, విసుగా? దీన్ని కూడా డేటాగానే రాయాలి. బాగోలేని రోజే నింపకపోతే, మిగిలిన డేటా అందరూ ఆరోగ్యంగా ఉన్నట్లు చూపిస్తుంది
- బీపీ చివరి అంకెలు: ఆటోమేటిక్ మిషన్ అయితే 0 నుంచి 9 దాకా దాదాపు సమానంగా రావాలి. ఎవరి ఫారాల్లోనైనా సున్నాలే ఎక్కువుంటే, మిషన్ చూడకుండా రాస్తున్నారన్నమాట
- అరగంట పట్టాల్సిన ఇంటర్వ్యూ ఐదు నిమిషాల్లో అయిందా? మొదలైన, ముగిసిన టైములు ఫారంలో వాటంతటవే పడేలా ఉంచుకోండి
- సిబ్బంది ఫోన్లలో పంపకుండా మిగిలిన ఫారాలు

సున్నాల సంగతి తెలిస్తే కేకలేయకండి. ఒకరోజు వాళ్ళతో కలిసి తిరగండి. సాధారణంగా మిషన్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది, లేదా రోజుకి ఇచ్చిన ఇళ్ళ లెక్క మనిషి చేయగలిగిన దానికన్నా ఎక్కువై ఉంటుంది.

11. తరచూ వచ్చే చిక్కులు, విరుగుడు

ఫోన్ మార్చారు: పాత ఐడీతోనే మళ్ళీ లాగిన్ చేయించాలి. కొత్త ఐడీ ఇస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

ఫోన్ నెమ్మదించిందని సిబ్బంది యాప్ డేటా చెరిపేశారు: పంపని ఫారాలు పోయినట్లే. రోజూ సాయంత్రం పంపాకే ఇంటికి వెళ్ళాలన్న నియమం ఒక్కటే దీనికి మందు.

భర్త ఫోన్లో భార్య జవాబులు: ఆవిడ నిజం చెప్పలేని ప్రశ్నలుంటాయి. వాటిని ఫోన్ నుంచి తీసేసి, మహిళా సిబ్బంది విడిగా కలిసి అడగాలి.

నాలుగో నెలలో విసుగు: రోజూ కాకుండా నెలకి ఒక వారం మాత్రమే నింపించే పద్ధతికి మారవచ్చా అని ముందే ఆలోచించి, కమిటీ అనుమతిలోనే రాసుకోండి. రెండో నెల నుంచి ప్రతి ఒక్కరికీ వాళ్ళ బీపీ గీత ఒక చిన్న కాగితం మీద ఇవ్వండి. నెల రీచార్జి కన్నా ఆ కాగితం కోసమే ఎదురుచూసేవాళ్ళుంటారు, దాన్ని డాక్టరుకి చూపించుకుంటారు కాబట్టి.

12. ముగించే వారం

- డేటాను తాళం వేసి, ఆ తేదీ రాయండి. ఆ తర్వాత దిద్దినవన్నీ వేరే ఫైల్లో ఉండాలి
- మూడు కాపీలు, రెండు రకాల నిల్వల్లో, ఒకటి వేరే భవనంలో
- ప్రతి గడికీ అర్థం చెప్పే పట్టిక: పేరు, ప్రశ్న మాటలు, జవాబుల కోడ్లు, మారిన తేదీలు
- పాల్గొన్నవాళ్ళ ఫోన్ల నుంచి యాప్ తీసేయడం, రిమైండర్లు ఆపడం, బ్యాండ్లలో ఖాతాలు లాగౌట్ చేయడం
- కమిటీకి చెప్పిన గడువు ప్రకారం పేర్లు, నంబర్ల ఫైలు చెరపడం, చెరిపినట్లు సంతకంతో రాయడం
- బీపీ ఎక్కువగానే ఉండిపోయినవాళ్ళ జాబితా తీసి, ఒక్కొక్కరినీ దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో, ఇప్పటికే చూపించుకుంటున్న డాక్టరుకో చీటీతో పంపడం. వాళ్ళు వెళ్ళారో లేదో రెండు వారాల తర్వాత ఫోన్ చేసి కనుక్కోవాలి. నంబర్ల ఫైలు చెరిపేది ఆ ఫోన్లన్నీ అయ్యాకే